ఐదు శ్రుతి

నేను ఒక శ్రుతిపెట్టెను. టేకు చెక్క, తోలు తిత్తి, లోపల ఇత్తడి రీడ్లు. నన్ను చేసిన ముసలాయన ఒక్క శ్రుతికే చేశాడు, ఎత్తైన ఐదుకి. అది సత్యవేణి గొంతు. ఆమె అడిగి మరీ చేయించుకుంది. ఇంకో గొంతుకి నేను పనికిరాను.

ఆమె పోయాక నన్ను కూతురు సుభాషిణి తీసుకుంది. రోజూ నన్ను తెరిచి, తల్లి పాడిన శ్రుతిలోనే పాడేది. తండ్రి పరదేశిగారు పక్కగదిలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. పేజీ తిప్పేవారు కాదు. పిల్ల గొంతు తల్లి గొంతుకన్నా మందం. పై షడ్జం దాటితే బిగుసుకుపోయేది. నాకు తెలుసు. కాని నాకున్నది ఒక్క స్వరం, దానితో ఏం చెప్పగలను?

సంగీత కళాశాలలో చేరాలంటే ముందు గురువును ఎంచుకోవాలి. ఎవరి తరగతిలో కూర్చుంటే అక్కడున్నన్నాళ్లూ వారి పాటే. అందుకని ప్రవేశ పరీక్షకు ముందు పిల్లలు గురువుల ఇళ్లకు వెళ్లి పాడి వస్తారు. తమను పరీక్షిస్తున్నారని రెండు వైపులా భయమే. రెండు వైపులా కాఫీ తాగి ఆ భయం దాచుకుంటారు.

మొదట అచ్యుతరామయ్యగారింటికి వెళ్లాం. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"మీ అమ్మే వచ్చి కూర్చున్నట్టుందమ్మా. పైకెళ్లే సంగతులు తగ్గించెయ్, పరీక్షలో ఎవరూ పట్టించుకోరు. నా క్లాసులో సీటు నీదే."

పరదేశిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకు ఆ ఇల్లు నచ్చింది. నాకూ నచ్చింది.

తర్వాత మంగతాయారుగారు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే విన్నారు. సగంలో ఆపించారు.

"ఏటమ్మా, మెడ నరాలు అలా పొంగిపోతన్నాయి? శ్రుతెంత?"

"ఐదండీ. అమ్మది."

"నేనడిగింది నీది."

సుభాషిణి నావైపు చూసింది. ఆవిడ చెయ్యి చాచి నా తిత్తి మూసేశారు. తన తంబురా నాలుగుకి దించి, "ఇప్పుడు పాడు" అన్నారు.

గొంతు విచ్చుకుంది. లోపల అంత చోటుందని ఆ పిల్లకే తెలియదు. అందులో సత్యవేణి ఎక్కడా లేదు.

"బావుంది. కాయలింకా సగమున్నాయి, నువ్వూ ఓ చెయ్యెయ్యి" అన్నారావిడ.

తిరిగొచ్చేటప్పుడు పరదేశిగారు అన్నారు. "అచ్యుతరామయ్యగారైతే సీటు ఖాయమమ్మా. అక్కడ నువ్వు పాడుతుంటే..."

"నాకూ అలాగే ఉంటుంది నాన్నా. కాని ఈమధ్య పాట అయ్యాక గొంతు నొప్పెడుతోంది."

ఆయన ఆమె చేతిలోంచి నన్ను తీసుకుని తనే మోశారు.

పరీక్ష రోజున నన్ను ఇంట్లోనే ఉంచారు. మొదటి ప్రశ్నే శ్రుతెంత అని అడిగారట. నాలుగని చెప్పిందట. మంగతాయారుగారి తరగతిలో సీటు వచ్చింది.

ఇప్పుడు నేను అలమరలో ఉన్నాను. సుభాషిణి దుమ్ము తుడుస్తుంది, తెరవదు. ఒక మధ్యాహ్నం ఆమె కళాశాలలో ఉండగా పరదేశిగారు నన్ను దించి బల్లమీద పెట్టారు. అలవాటు లేని చేత్తో తిత్తి నొక్కారు. ఐదు శ్రుతి పలికింది. ఎవరో గొంతు సవరించుకుని మొదలుపెడతారన్నట్టు ఆయన ఎదురుచూశారు. నేనూ చూశాను.

గాలి అయిపోయేదాకా ఇద్దరం విన్నాం.