మిగిలిపోయిన బాప్తిస్మం

మా ఆయన బాప్తిస్మం గురించి దిండంత లావు పుస్తకం రాశారు. మనిషిని నీళ్లలో ముంచాలే తప్ప నీళ్లు చల్లకూడదని అందులో మొదటి నుంచి చివరిదాకా ఒకటే గోల. నేను పూర్తిగా చదవలేదు, చదివామనేవాళ్లని నమ్మను కూడా. పాస్టరుగా ఆయన ఎక్కడా చెయ్యలేదు. పాస్టర్లని తయారుచేసే బాప్టిస్టు సెమినరీలో దైవశాస్త్రం చెబుతూ రిజిస్ట్రారయ్యారు. హాస్టలు కుళాయిల దగ్గర్నుంచి పరీక్షల దాకా అన్నీ నెత్తినేసుకున్నారు. చివరికి బోర్డు ఆయన్ని ప్రిన్సిపాలుగా ఎన్నుకుంది. నేను అప్పుడే వెళ్లి కొత్త బంగళాకి కర్టెన్ల కొలతలు కూడా తీసుకొచ్చాను.

ఆ సంబరంలో వాళ్లక్కని భోజనానికి పిలిచాం. పాత సంగతులు చెబుతూ ఆవిడ నవ్వింది.

"నీ బాప్తిస్మం రోజున నీకు ఒళ్లు కాలిపోతోందిరా తమ్ముడూ. నాన్న నిన్ను నీళ్లలోకి దింపనే లేదు. తర్వాత ఎక్కడ తీసుకున్నావు?"

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

మా మామగారు పాస్టరు. పక్షపాతమని ఎవరూ అనకూడదని సొంత పిల్లల్ని వరసలో ఆఖరున నిలబెట్టేవారట. ఈయన వంతు వచ్చేసరికి జ్వరం. ఆ నెలలోనే మామగారికి వేరే ఊరి సంఘానికి బదిలీ. కొత్త చోట అయ్యుంటుందని పాతవాళ్లు, పాత చోటే అయిపోయిందని కొత్తవాళ్లు అనుకున్నారు. పాస్టరుగారబ్బాయిని ఎవరడుగుతారు? ఈ మహానుభావుడేమో బాప్తిస్మానికని ఆ రోజు తొడిగిన తెల్లబట్టలు గుర్తుపెట్టుకుని, జ్వరానికి మా అత్తగారు నెత్తిన పోసిన నీళ్లనే ఇన్నేళ్లూ బాప్తిస్మం అనుకున్నారు!

"బోర్డుకి చెప్పాలి," అన్నారు ఆ సాయంత్రం.

"చెబితే ఆ కుర్చీ ఉంటుందా? ఊరుకోండి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసిపోయిందిగా."

నాకు ఒళ్లు మండిపోయింది. జీవితమంతా ఆ సెమినరీకి ధారపోసిన మనిషికి దక్కిన ఒక్క గౌరవాన్నీ చేజేతులా వదులుకుంటుంటే చూస్తూ ఎలా ఉండను? ఆయన మాత్రం వెళ్లి చెప్పేశారు. బాప్తిస్మం లేనివాడికి ఆ పదవి కుదరదని బోర్డు దాన్ని వైస్ ప్రిన్సిపాలుకి ఇచ్చేసింది. ప్రతి తీర్మానానికీ ఏదో ఒక సవరణ పెట్టే ఆ పెద్దమనిషిని మేం ఇంట్లో 'సవరణగారు' అంటాం.

ఆదివారం మా ఆయన చర్చిలో సంఘం ముందు నిలబడ్డారు. బాప్తిస్మం అడిగేవాళ్లెవరైనా తమ విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పాలి, సభ్యులు చేతులెత్తి ఒప్పుకోవాలి. మైకు దొరికితే వదలని మనిషి నీళ్లు నమిలారు.

"నా పుస్తకంలో రాసినట్టు..."

"పుస్తకం వద్దండీ," అన్నారు సవరణగారు మెల్లగా. "మీ మాట చెప్పండి."

మా ఆయన చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత, "చిన్నప్పుడు దేవుడితో బాగా మాట్లాడేవాణ్ణి. పెద్దయ్యాక ఆయన పనిలోనే పడి ఆయనతో మాటలు తగ్గించేశాను. మళ్లీ మాట్లాడాలనుంది," అన్నారు.

చేతులు లేచాయి. సవరణగారు ఏ సవరణా అడగలేదు. నేను మాత్రం చెయ్యెత్తలేదు. జాలి లేక కాదు, కోపం దిగలేదు. మా ఆయన నావైపు ఒకసారి చూసి, తలొంచుకుని బట్టలు మార్చుకోవడానికి వెళ్లారు.

కళ్లజోడు లేకుండా, తెల్లబట్టల్లో, గోడ పట్టుకుని చర్చిలోని బాప్తిస్మం తొట్టి మెట్లు దిగారు. ఆ తొట్టిలో కొత్త ప్రిన్సిపాలు సవరణగారే ఆయన్ని వెనక్కి వాల్చి పూర్తిగా ముంచారు. పైకి లేస్తూనే మా ఆయన ఎగశ్వాసతో, "అబ్బ! ఇంత చల్లగా ఉంటాయా ఈ నీళ్లు!" అని అరిచారు.

హాలంతా గొల్లుమంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నిలబడి చెయ్యెత్తాను.

"లెక్క ఇందాకే అయిపోయిందమ్మా," అన్నారు వెనకనుంచి ఎవరో.

అయితే అయింది. ఆయన కళ్లు తుడుచుకుని నన్ను చూసేదాకా చెయ్యి దించలేదు.