దేవవ్వ మగ్గం గుంత

పొద్దు పొడవంగనే దేవవ్వ పొయ్యి ముట్టియ్యది. ముందుగాల పోయి మగ్గం గుంతల కాళ్ళు పెట్టుకొని కూసుంటది. జానెడు బట్ట పడ్డంకనే గంజి సంగతి. ఇరవై ఏండ్లు మొగని కోసం కండెలు చుట్టి చుట్టి ఆమె వేళ్ళు కాయలు కాసినయి. ఇప్పుడు ఆ నూలు కండె తానే నాడెల పెట్టుకుంటది, పడుగు పోగుల నడుమకెళ్ళి ఆ నాడెను తానే ఇసురుతది.

నిజాం సర్కారు రోజులు. అమీర్‌పేట సాలెవాడల పన్నెండు ఇండ్లు, పన్నెండు మగ్గాలు. వాడ నడుమ కులపెద్ద రాజమల్లుది పెంకుటిల్లు. వాడ చివర దేవవ్వది తాటికమ్మల గుడిసె. ఆమె గుడిసె పక్కకు, వాడకు జర ఎడంగ, గోడలు కట్టే సుతారి యెషయాది రేకుల ఇల్లు. యెషయా, ఆయన పెండ్లాం నవోమి ఐతారం ఐతారం చర్చికి పోయేటోళ్ళు. సాలెవాడోళ్ళు వాళ్ళ చేతి నీళ్ళు తాగకపోయేది. అటు పంజాగుట్ట దారిల గుట్ట మీద వకీలు సాబ్ రాతి బంగ్లా. ఆ బంగ్లా దేవుడు దిగొచ్చినా కదలదని అందరి నమ్మకం.

దేవవ్వ మొగడు మార్కండేయ తాటిచెట్టంత మనిషి. ఆయన కూసున్నన్ని రోజులు గుంత తొడల లోతుండె. ఆయన పోయి దినాలు గడిచినంక దేవవ్వ కూసున్నది. పొట్టి మనిషి. గుంత అడుగు పైకొచ్చి ఆమె పాదాల కింద సరిగ్గ ఆగింది. మగ్గం గుంత గుణమే గంత. ఎవలొస్తే వాళ్ళకు సరిపోతది. నీళ్ళు పల్లానికి పోతయంటే ఎవలన్న నోరు తెరుస్తరా? గిదీ గంతే.

గుంత ఒప్పుకున్నది, కానీ రాజమల్లు ఒప్పుకోలే. రోజూ పొద్దుగాల ఇత్తడి చెంబు పట్టుకొని పోతూ ఆమె వాకిట్ల ఆగేటోడు.

"మరదలా, కండెలు చుట్టుకో. ఆడోళ్ళకు గదే పని. గుంతల మొగోని కాళ్ళుండాలె."

"మొగోని కాళ్ళు కాట్లె కాలినయి బావా. నా కడుపు ఇంక కాలుతనే ఉన్నది. కండెలు చుడితే గంజికి సాలదు."

"మొగడు లేని ఇంట్ల మగ్గం ఆడితే వాడకు అరిష్టం. వైశాఖ పున్నం దాక చూస్త. నువ్వు పూడ్చుకోకపోతే మేమే పూడుస్తం."

అరిష్టం లేదు, గాడిదగుడ్డు లేదు. అసలు సంగతేందంటే, ఖైరతాబాద్ బట్టల సేటు వస్తే ముందుగాల దేవవ్వ చీరెలడుగుతుండె. ఆమె నేత గట్టిది, అంచు వంకర పోదు. నలభై ఏండ్ల సంది నేసేటోనికి గది ఎట్ల అరుగుతది? ముల్లు అరికాలుల కుచ్చుకుంటే కుంటేది కాలే గద, రాజమల్లు మాత్రం ధర్మశాస్త్రం కుంటుతున్నదని చెప్పిండు.

పున్నానికి ఇంక పన్నెండు దినాలున్నయి. మధ్యాహ్నం. గాలి అన్నమాట లేదు, కుక్కలు సుత నాలుక చాపి చూరు కింద పన్నయి. దేవవ్వ ఎర్ర చీరె సగం నేసింది. పంజాగుట్ట దిక్కు నుంచి ఏదో రైలు వస్తున్నట్టు చప్పుడు. అటు పట్టాల్లేవు. తలెత్తి చూసేవరకు ఆకాశం నుంచి నల్లటి తొండం ఒకటి దిగి, దుమ్ము తాగుతూ, గిరగిర తిరుగుతూ వాడ దిక్కే వస్తున్నది.

దేవవ్వ గుడిసె కప్పు మొదటి దెబ్బకే లేచింది. కుండ మీది మూకుడు తీసినట్టు లేచి, ఎటు పోయిందో పోయింది. ఆమె గుంతల జారి కూసున్నది. అప్పుడే నవోమి చంకల పిల్లతోని ఉరికొచ్చింది, ఆమె వెనుక యెషయా. వాళ్ళ ఇంటి రేకులు కత్తుల లెక్క గాలిల తిరుగుతున్నయి.

"దిగుండ్రి!" అన్నది దేవవ్వ. దిగిన్రు. గుంత జరిగింది.

వాడల పెంకులు రాలుడు మొదలైంది. అందరి ఇండ్లల్ల గుంతలున్నయి, కానీ అందరి గుంతల మీద పెంకులు, దూలాలు, అటకలు కూలుతున్నయి. దేవవ్వ ఇంటి మీద ఇంక కూలేటందుకు ఏం మిగల్లే. ఎగిరేటిది ఎగిరిపాయె. ఆమె లేచి నిలబడి గొంతు చించుకున్నది.

"ఇటు రాండ్రి! నా గుంతలకు రాండ్రి! బర్రెల్లెక్క చూస్తరేంది, రాండ్రి!"

వచ్చిన్రు. ముసలోళ్ళు, పిల్లలు, రాజమల్లు కోడలు కాంతవ్వ నాలుగు నెల్ల కొడుకును కొంగుల చుట్టుకొని. మగ్గం కింద నుంచి దూరి ఒక్కొక్కరే దిగిన్రు. దిగినకొద్ది గుంత పెద్దగైంది. నలభై ముగ్గురు. ఆఖరుకు రాజమల్లు వచ్చిండు. పెంకు తాకి నెత్తి పగిలింది, నెత్తురు కండ్లల్లకు కారి తొవ్వ కనబడ్తలేదు. యెషయా చెయ్యి చాపిండు. రాజమల్లు ఆ చెయ్యి రెండు చేతుల్తోని పట్టుకున్నడు, యెషయా అంగీకే మొఖం తుడుచుకున్నడు.

నెత్తి మీద సగం నేసిన ఎర్ర చీరె. తుఫానంత మీది నుంచి పోయింది, చీరె అల్లాడలే.

కాంతవ్వ కొడుకు గుక్క పట్టి ఏడుస్తుండు. బెదురుకు ఆమె పాలు ఎండినయి. నవోమి ఏం అడగలే. పిల్లగాన్ని అందుకొని రొమ్ముకు పెట్టుకున్నది. వాడు గుటకలు మింగిన చప్పుడు అందరికి ఇనబడ్డది. రాజమల్లు చూసిండు. చూసి కండ్లు మూసుకున్నడు. వద్దనలే.

అంబలి తాగినంత సేపు. గంతే. బయటికొస్తే వాడ లేదు.

పెంకుటిండ్లకు గోడలున్నయి గాని కప్పుల్లేవు. రాజమల్లు ఇంటి పెద్ద దూలం నడిమికి ఇరిగి ఆయన మగ్గం మీదనే పడ్డది. మట్టిమిద్దెలు కూలి దిబ్బలైనయి. యెషయా ఇంటి రేకులు రెండు యూసుఫ్‌గూడ చేన్లల్ల దొరికినయి. దేవవ్వ గుడిసె కప్పు పోయి వకీలు సాబ్ బంగ్లా మిద్దె మీద బోర్లపడ్డది. బంగ్లాకు రంగుటద్దాల కిటికీలు నాలుగు పగిలినయి. దేవుడు దిగొచ్చినా కదలనిది నిజంగనే కదల్లే.

మూడు దినాలు వాడంత ఒక్క పొయ్యి. దొరికిన జొన్నలు దొరికినట్టు ఒక్క కుండల పోసిన్రు. నవోమి నీళ్ళు తెస్తే దేవవ్వ గటుక వండింది, అందరు తిన్నరు. ఎవల చేతి నీళ్ళని ఎవలు అడగలే. యెషయా మన్ను కిందికెళ్ళి మగ్గాలు తీసిండు, ఇరిగిన దూలాలు తానొక్కడే భుజాన మోసిండు. గా మూడు దినాలు మనుషులు మనుషుల్లెక్కనే ఉన్నరు.

నాలుగో దినం సర్కారు గిర్దావరు గుర్రం మీద వచ్చిండు, ఏ ఇల్లు ఎంత పోయిందో రాసుకునేటందుకు. రాజమల్లు నెత్తికి కట్టు కట్టుకొని ఆయన పక్కకు నిలబడి చూపిచ్చిండు. ముందు వకీలు సాబ్ అద్దాలు రాసిన్రు. ఎనుక పెంకుటిండ్లు, మిద్దెలు. వాడ చివరికొచ్చినంక గిర్దావరు అడిగిండు, "ఇదేంది?"

"ఇది ఇల్లు గాదు సాబ్. గుంత," అన్నడు రాజమల్లు.

"అటు పక్కది?"

"గది మా వాడల రాదు."

తుఫాను వచ్చిన వారానికి బండ్లల్ల వెదురుబొంగులు, తాటికమ్మలు, పెంకులు దిగినయి. గిర్దావరు కాగితంల పేరున్నోళ్ళకిచ్చిన్రు. దేవవ్వకు ఒక్క కమ్మ రాలే. నెత్తి మీద పాత చీరె కట్టుకొని ఎండల నేసింది. నేస్తూ పండ్లు కొరికింది. తన గుంతల మోకాళ్ళు ముడుచుకొని వణికినోళ్ళు ఇప్పుడు తన ముందటికెళ్ళి బొంగులు మోసుకపోతూ మొఖం తిప్పుకుంటున్నరు.

వాడల గోడలు లేచినయి. గోడల ఎంబడి కులం సుత లేచింది. నవోమి కడవ మల్ల బావి కాడ ఎడంగ నిలబడ్డది.

పున్నం నాడు పొద్దుగాల వాడంత దేవవ్వ ముంగిట్లకొచ్చింది. చేతుల్ల తట్టలు. తట్టల్ల కూలిన గోడల మన్ను. ముందట రాజమల్లు. దేవవ్వ గుంతల కూసోని నేస్తనే ఉన్నది.

"లే మరదలా. మొగడు చచ్చిన గుంత, ఇప్పుడు మైలపడ్డ గుంత. వాడు వీడు అందరు దిగిన్రు. పూడ్చుడే."

నాడె ఆగింది.

"మైలనా? ఏనాడు పడ్డది బావా మైల? నీ నెత్తురు యెషయా అంగీకి తుడుచుకున్ననాడా? నీ మనుమడు నవోమి పాలు తాగిననాడా? గా పాలు వాని కడుపుల అరిగి ఒంటికి పట్టి పన్నెండు దినాలాయె. తీస్తవా బయటికి? తియ్యి మరి!"

"నోరు ముయ్యి!"

"ముయ్య. నోరు మూసుకునే ఇరవై ఏండ్లు కండెలు చుట్టిన. నలభై ముగ్గురు దిగితే సాలిన గుంత, నేనొక్కదాన్ని కూసుంటే అరిష్టమా? థూ! మన్ను పొయ్యాలంటే ముందు నన్ను లేపాలె. రా, దిగి గుంజు."

ఆమెను గుంజుండ్రి అన్నట్టు రాజమల్లు ఆడోళ్ళ దిక్కు చూసిండు. ఎవలు కదల్లే. ఆయన మొఖం జేవురించింది. తట్ట కింద పెట్టి, ధోతి ఎగగట్టి, దేవవ్వ పక్కకు గుంత ఒడ్డు మీద కూసున్నడు. కాళ్ళు లోపలికి ఇడిసిండు.

మడిమెలు నేలకు తాకినయి.

కాళ్ళు తీసి మల్ల పెట్టిండు. మల్ల నేలనే. అలికిన వాకిలి లెక్క సాపుగున్నది. పక్కన దేవవ్వ కాళ్ళు మోకాళ్ళు దాటి లోపలికున్నయి. అటు పక్కకు నవోమి వచ్చి కూసున్నది, ఎవలు పిలువలే. ఆమె కాళ్ళు సుత చల్లగ దిగిపోయినయి. నలభై ఏండ్లు నేసిన కులపెద్ద ఒక్కడే మోకాళ్ళు గదుమకు ఆనిచ్చుకొని పిల్లగాని లెక్క కూసున్నడు.

గుంత గుణం అందరికి ఎరికే.

కాంతవ్వ ముందుగాల తట్ట దించింది. చంకల కొడుకును సదురుకొని, మామ దిక్కు చూడకుంట, "నేను పొయ్య," అన్నది. ఎనుక ఇంకోటి దిగింది, ఇంకోటి. రాజమల్లు లేచి ధోతి దులుపుకొని ఇంటికి పోయిండు.

యెషయా ముందుకొచ్చి తట్టలకెళ్ళి మన్ను తీసి వేళ్ళతోని పిసికి చూసిండు. "అక్కా, మంచి మన్ను. జర నీళ్ళు పోసి తొక్కితే గోడకు పనికొస్తది."

పూడ్చేటందుకు తెచ్చిన మన్నుతోని పొద్దుగూకే వరకు దేవవ్వకు నడుమెత్తు గోడ లేచింది. ఎనుకనుంచి యెషయా ఇంటికి సుత లేచింది. ఇంటికొక బొంగు, నాలుగు కమ్మలు తెచ్చిచ్చిన్రు. దేవవ్వ సంబురపడలే. తెచ్చినోళ్ళను ఒక్కొక్కరిని నిలబెట్టి, "ఇన్ని దినాలు ఏడ వోయినవు?" అని అడిగింది. బొంగులు మాత్రం తీసుకున్నది.

రాజమల్లు ఇంట్ల దూలం తీసి, మన్నెత్తి, మగ్గం నిలబెట్టిన్రు. ఆయన పోయి కూసున్నడు. మడిమెలు నేలకు తాకినయి. పలుగుతోని తవ్విండు, కూలోళ్ళను పెట్టి తవ్విచ్చిండు. తవ్వినంక తొడల లోతు కనబడేది, కాళ్ళు పెట్టంగనే నేల. నెల దినాలు చూసిండు. పెంకుటింటికి అప్పటికి నాలుగు దూలాలెక్కినయి, ఇంటి లోపల మగ్గం మాత్రం మూగది. ఆఖరుకు ఒకనాడు కాంతవ్వ పిల్లగాన్ని తొట్లెల పండవెట్టి, పోయి మామ మగ్గం కాడ కూసున్నది. గుంత ఆమె కాళ్ళకు సరిగ్గ సరిపోయింది.

నేత ఆమెకు దేవవ్వ నేర్పింది. రోజూ ఎండ వాలినంక పోయి పక్కకు కూసోని, అంచు ఎట్ల పట్టాలె, కాలు ఎప్పుడు మార్చాలె చెప్పేది. గోడ కాడ రాజమల్లు రాట్నం ముందటేసుకొని కోడలికి కండెలు చుట్టేటోడు. ఆయన చుట్టిన కండె వదులు. నాడెల పెడితే పోగు తెగేది.

దేవవ్వ తెగిన పోగు ముడేసి, కండె తీసి ఆయన ముందటికి ఇసిరింది.

"గట్టిగ చుట్టు బావా," అన్నది. "నీకు గదే పని."

రాజమల్లు కండె ఏరుకున్నడు. ఆమె గొంతుల జాలి లేదు. పున్నం నాటి కోపం అట్లనే ఉన్నది, చల్లారనియ్యలే. కాంతవ్వ నాడె ఇసిరింది. తొట్లెల పిల్లగాడు ఆ చప్పుడుకు ఇంక గట్టిగ నిద్రపోయిండు.