నల్లకారు మీద చెరువు మరకలు

పొద్దున్నే లేచి దేవుడికంటే ముందు కారుకి దణ్ణం పెట్టుకునేవాణ్ణి ఏమనాలండీ? సోమసుందరం అనాలి. ఏలూరులో చేపల మేత వ్యాపారి. నల్లకారు కొన్న దగ్గర్నుంచీ బానెట్ తుడవడం, అందులో తన మీసం చూసుకుని మురిసిపోవడం, ఇదే ఈయన నిత్యపూజ. ఆ మొహానికి అద్దమొకటే తక్కువైంది మరి!

ఈయనగారి ఘనకార్యం ఇంకోటుంది. కలిదిండి దగ్గర ఈయన చేపల చెరువు, దాని పక్కనే శేషారత్నం టీచర్‌గారి రెండెకరాల చేను. పోయినేడు సరిహద్దు రాళ్లు నాలుగూ పీకించి, గట్టు తవ్వించి, ఆ చేను తన చెరువులో కలిపేసుకున్నాడు. ఆవిడకున్న ఆస్తల్లా అదే.

"మీ పొలం ఎక్కడుందో చూపించండి టీచర్‌గారూ, ఇచ్చేస్తాను," అంటూ పళ్లికిలించాడు. రాళ్లు లేందే ఆవిడేం చూపిస్తుంది?

టీచర్‌గారి అర్జీ మీద సర్వేయర్ హరిప్రియగారు కొలతకొచ్చే రోజున, ఆవిడ ముందు దర్జా చూపించాలని సోమసుందరం కారేసుకుని చెరువుకి వెళ్లాడు. దారిలో దుమ్ము పడిందట. మిట్టమధ్యాహ్నం, చెరువు మోటారు వేయించి కడగమన్నాడు.

"ఎండలో వద్దండీ, మరకలు కడతాయి. అందులోనూ ఈ నీళ్లా?" అన్నాడు డ్రైవర్ ఏడుకొండలు.

"నువ్వా నాకు చెప్పేది? కడుగు!"

కడిగాడు. నీళ్లిట్టే ఆరాయి. బానెట్ మీద పటం గీసినట్టు తెల్లటి మరకలు తేలాయి. పాత గట్టు, కాలవ తూము, నాలుగు మూలలా రాళ్లున్నచోట నాలుగు పెద్ద చుక్కలు.

"టీచర్‌గారి చేనండీ," అన్నాడు ఏడుకొండలు.

అందులో వింతేముంది? ఆ చెరువునీళ్లు ఆరేటప్పుడు చూసింది చూసినట్టు రాసిపోతాయని అక్కడ పసిపిల్లల్నడిగినా చెబుతారు. ఈ మహానుభావుడికి మాత్రం పోయిన మెరుపే బెంగ. వెనిగర్లో నీళ్లు కలిపి మెత్తటి గుడ్డతో తుడిపించాడు. మరకలు బానెట్ దిగి ముందద్దం మీదికెక్కాయి. నిమ్మచెక్కతో అద్దం రుద్దించాడు. మళ్లీ బానెట్ మీదికొచ్చాయి. ఒళ్లు మండి, గిన్నెలు తోమే పీచు తానే పట్టుకుని తోమాడు. రంగు లేచిపోయింది గానీ మరకలు కదల్లేదు. తెలివి తెల్లారినట్టే ఉంది!

ఇంతలో హరిప్రియగారు స్కూటీ మీద వచ్చారు, వెనకాలే టీచర్‌గారు. హరిప్రియగారు బానెట్ చూశారు. బ్యాగులోంచి పల్చటి కాగితం తీసి దాని మీద పరిచి, మరకల వెంబడి పెన్సిల్‌తో గీసుకున్నారు.

"ఈ కారు మీదేనాండీ?" అనడిగారు.

కాదంటే బతికిపోయేవాడు. ఎవరిదోనండీ, నాకేం తెలుసు, అంటే సరిపోయేది. చుట్టూ జనం పోగయ్యారు. ఇంతమందిలో ఆ మాట నోటెలా వస్తుంది?

"నాదేనండీ!" అన్నాడు రొమ్ము విరిచి. "జిల్లాలో ఇలాంటిది ఇంకోటి లేదు."

"అయితే ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టాక అర్థమైంది ఆయనకి, తన కారు మీది ఆ పటానికి తానే సాక్షి సంతకం చేశానని. దొంగకి తేలు కుట్టినట్టయింది. ఛీ, ఎక్కడి బుద్ధులండీ ఇవి!

శేషారత్నంగారు చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని నీళ్లలోకి దిగారు. హరిప్రియగారు కాగితం చూసి చెబుతుంటే, మోకాల్లోతు దాకా నడిచి మొదటి చుక్క చూపించే రాయి చోట ఆగారు.

"రండి టీచర్‌గారూ, రాళ్లు రేపు తెప్పించి పాతిస్తాం," అన్నారు హరిప్రియగారు.

"తెప్పించండమ్మా," అన్నారావిడ. "అందాకా నేనే నిలబడతాను."