లోనీ ప్రూట్ యాభై రెండో హోమ్ రన్

జనవరిలో బేస్‌బాల్ ఉండదు. ఉండదు కాబట్టే దాని గురించి పోట్లాడుకోవడానికి బోలెడంత తీరిక. రూబెన్ ఇనప సామాన్ల కొట్లో, మేకుల డబ్బాల వెనక, ఓ కట్టెల పొయ్యి ఉంది. చలికాలమంతా ప్రతి గురువారం మధ్యాహ్నం రెండింటికి మేము దాని చుట్టూ చేరతాం. ఒకప్పుడు పన్నెండు మందిమి. ఇప్పుడు నలుగురం. మిగతా ఎనిమిది కుర్చీల్నీ రూబెన్ తీసెయ్యలేదు, వాటి మీద పెయింటు డబ్బాలు పెట్టాడు. ఎవరి కుర్చీలో ఏ రంగు ఉందో నాకు బాగా తెలుసు. అటు చూడకుండా కూర్చోవడమే అలవాటు చేసుకున్నాను.

కొట్టు రూబెన్‌ది. డ్వేన్ ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచాడు. కాజ్, నేను ఉక్కు మిల్లులో ఒకే కొలిమి దగ్గర పనిచేశాం. ఆ మిల్లు మూతపడి ఇరవై నాలుగేళ్ళయింది. నా పేరు ఎమ్మెట్. మొండివాడినని అంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ నాతో వాదించి గెలవలేదు.

పత్రికలవాళ్ళు గొప్ప ఆటగాళ్ళ పేర్లు చిరకాలం నిలిపే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎవర్ని తీసుకోవాలో ఓటేసే వారమే మేమూ పొయ్యి దగ్గర సొంతంగా ఓటేసుకుంటాం. కాఫీ డబ్బా చేతులు మారుతుంది. అవునంటే అందులో నట్టు, కాదంటే వాషరు. నట్టు పడిన చప్పుడు వేరు, వాషరు చప్పుడు వేరు. కాబట్టి ఎవరు ఏం వేశారో దాచడం కుదరదు. నలుగురిలో ముగ్గురు నట్టు వేస్తేనే ఆటగాడు లోపలికి. ఒక్కొక్కడికి పదేళ్ళు అవకాశం. ఆ తర్వాత ఇక వాడి పేరు ఎత్తకూడదు. లోనీ ప్రూట్‌కి ఇది పదో ఏడు.

లోనీ మేము అభిమానించే జట్టువాడు. గస్ టిబెట్ ఒక్క సీజన్లో, బంతిని మైదానం గోడ దాటించి, కొట్టిన యాభై ఒక్క హోమ్ రన్‌ల రికార్డు నలభై ఏళ్ళు చెక్కు చెదరకుండా ఉంటే, దాన్ని దాటి యాభై రెండోది కొట్టాడు. ఆరేళ్ళ తర్వాత టీవీలో కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, స్టెరాయిడ్లు వాడానని ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచీ మా పొయ్యి దగ్గర ఇదే గొడవ. వాడి పేరు ఓటుకొచ్చిన తొమ్మిదేళ్ళూ రెండు నట్లు, రెండు వాషర్లు. నట్లు నావి, డ్వేన్‌వి.

"సూదులు పొడిపించుకున్నవాడు దొంగ," అన్నాడు కాజ్ ఆ గురువారం, బూట్లు పొయ్యికి ఆనించి. "దొంగకి నట్టు వెయ్యను."

"సూది కండలు పెంచుతుందిరా, కంటికి బంతిని చూపిస్తుందా?" అన్నాను. "నువ్వూ ఓ వంద పొడిపించుకో. ఒక్క బంతి తగిలించు, చూద్దాం."

"నాకు రోజుకి రెండు ఇన్సులిన్ సూదులు," అన్నాడు డ్వేన్. "ఇంతవరకూ ఏ జట్టూ పిలవలేదు."

"గస్ టిబెట్ యాభై ఒకటీ బీరు మీద కొట్టాడు, సూది మీద కాదు," అన్నాడు రూబెన్.

"బీరుతోపాటు మాత్రలు కూడా మింగాడు. ఆ రోజుల్లో ఆటగాళ్ళ గదిలో కాఫీ పక్కనే గిన్నెలో పోసి పెట్టేవాళ్ళు. దాని గురించి నోరెత్తవేం?" అన్నాను.

"మాత్ర నిద్ర పోగొడుతుంది. సూది మనిషినే మార్చేస్తుంది," అన్నాడు కాజ్. "గస్ గస్‌లాగే కొట్టాడు. నీ లోనీ ఇంకెవడిలాగో కొట్టాడు."

"ఎవడిలాగో కొడితేనేం, ఆ బంతి గోడ దాటిందా లేదా? నోరీనూ నేనూ లేచి నిలబడి చూశాం. పక్కపక్కనే. ఎడమ గోడ మీంచి, గడియారం కింద నుంచి..."

"...పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి," అని డ్వేన్ పూర్తిచేశాడు. ఈ ముక్క వాళ్ళకి కంఠతా వచ్చు.

నవ్వారు. నేను నవ్వలేదు. నోరీన్ పోయి మూడేళ్ళయింది. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో మంచి రోజులు చాలానే ఉన్నాయి, కానీ నేను పట్టుకు వేలాడుతున్నది ఆ ఒక్క ఆదివారాన్నే. మిల్లు మూసేస్తున్నారని అంతకు నెల ముందే చెప్పారు. ఆ నెలంతా నేను ఇంట్లో ఒక్క మంచి మాట మాట్లాడలేదు. ఆ బంతి గోడ దాటినప్పుడు గట్టిగా నవ్వాను, నోరీన్‌ని పట్టుకుని గిరగిరా తిప్పాను. ఇప్పుడు ఆ బంతి లెక్కలోకి రాదంటున్నారు. అది రాకపోతే ఆ రోజు మాత్రం ఎలా వస్తుంది? నా గొడవంతా అదే. లోనీ అనేవాణ్ణి వీధిలో చూస్తే గుర్తుకూడా పట్టను.

కాజ్ పొయ్యిలో ఓ కట్టె వేశాడు. తర్వాత, "నోరీన్ స్కోరు పుస్తకాలు ఉన్నాయా ఇంకా?" అన్నాడు.

"ఎందుకూ?"

"ఆ రోజుది పట్రా. ఆవిడ కంటితో చూడనిది రాసే మనిషి కాదు. ఆ గడి ఆవిడ చేత్తో నింపి ఉంటే నట్టు వేస్తా. లోనీకి కాదు, ఆవిడకి."

"మాట తప్పవుగా?"

"వచ్చే గురువారం పట్రారా, ముసలోడా."

ఆట చూస్తూ పెన్సిల్‌తో స్కోరు రాసుకోవడం మా స్టాండులో చాలామందికి అలవాటు. కానీ నోరీన్‌కి అది పూజలాంటిది. ప్రతి బ్యాటరుకీ ఓ గడి, గడిలో మైదానం ఆకారంలో చిన్న వజ్రం బొమ్మ. హోమ్ రన్ అయితే ఆ వజ్రాన్ని సన్నని ఏటవాలు గీతలతో నింపేది. ఆమె చెయ్యి ఎంత తేలికంటే, పెన్సిల్ కాగితాన్ని తాకిందో లేదో అన్నట్టుండేది. బాత్‌రూమ్‌కి వెళ్ళి వచ్చినప్పుడు ఏం జరిగిందో నేను చెప్పబోతే చెవులు మూసుకునేది. "నువ్వు చూసింది నీ పుస్తకంలో రాసుకో," అనేది.

మర్నాడు పొద్దున కాఫీ తాగి, మెట్ల కింద అరలోంచి పెట్టె తీశాను. మూడేళ్ళుగా దాని జోలికి పోలేదు. ఆ ఏడాది పుస్తకం, ఆగస్టు, ఆదివారం. ఆరో ఇన్నింగ్స్‌లో లోనీ గడి వెతికాను.

ఖాళీగా ఉంది.

అటూ ఇటూ గడులన్నీ నిండి ఉన్నాయి. ఆ ఒక్కటే ఖాళీ. పక్కన అంచులో చీమల్లాంటి అక్షరాలు. కళ్ళద్దాలు తెచ్చుకుని చదివాను. "చూడలేదు. హాట్‌డాగ్ వరుసలో ఉన్నా. ఎమ్మెట్ నెల రోజులకి నవ్వాడు. చూశానని చెప్పేశా."

అప్పుడు గుర్తొచ్చింది. ఆకలేస్తోందని నేనే పంపాను. ఆమె తిరిగొచ్చేసరికి నేను ఎవరో ముక్కూమొహం తెలియనివాణ్ణి కావలించుకుని గంతులేస్తున్నాను. "చూశావా?" అని అరిచాను. "చూశాను," అంది. ఆమెని గిరగిరా తిప్పినప్పుడు ఆ హాట్‌డాగ్ నా చొక్కా మీద పడింది. ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ చెప్పుకుంటూ, ఆమెని తెచ్చి నా పక్క సీట్లో కూర్చోబెట్టింది నేనే.

ఆ నాలుగు ముక్కలూ చాలాసార్లు చదివాను. ఏడ్చాను కూడా. అక్కడితో పుస్తకం మూసేసి ఉంటే బాగుండేది.

కానీ కాజ్ వాషరు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళు విన్న చప్పుడు. ఇక పదకొండో ఏడు లేదు. బయట మంచు కురుస్తోంది, ఇంట్లో ఫ్రిజ్ తప్ప ఏదీ మాట్లాడదు. గెలవాలనిపించింది. ఒక్కసారి, ఎవరో ఒకరి ముందు, నా వైపు నట్టు పడితే చాలనిపించింది. పెట్టె అడుగున నోరీన్ పెన్సిల్ దొరికింది. వజ్రం గీసి, ఆమెలాగే సన్నని ఏటవాలు గీతలతో నింపాను. పక్కన ఆ మాటలుంటే కాజ్ చదువుతాడు కదా. రబ్బరు తీసుకుని వాటిని చెరిపేశాను. ఊది, పొట్టు దులిపేశాను. పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు.

గురువారం పుస్తకం తీసుకెళ్ళి పొయ్యి పక్కన పీపా మీద పెట్టి, పేజీ తెరిచాను.

"ఇదిగో," అన్నాను. "కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసుకోండి."

డ్వేన్ వంగి చూసి ఈల వేశాడు. రూబెన్ తలూపాడు. కాజ్ మాత్రం కళ్ళజోడు పెట్టుకోలేదు. బొటనవేలితో ఆ గడిని నెమ్మదిగా రుద్దాడు. వేలు ఎత్తి చూసుకున్నాడు. వేలికి బూడిదరంగు అంటుకుంది. తర్వాత, చూద్దామన్నట్టు, పక్క గడినీ రుద్దాడు. వేలికి ఏమీ అంటలేదు. ఇరవై నాలుగేళ్ళ నాటి గీత వేలికెందుకు అంటుతుంది?

కాజ్ నా మొహం వంక చూడలేదు. వేలిని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"సరే, డబ్బా ఇటివ్వండి," అన్నాడు.

రూబెన్ వాషరు వేశాడు. డ్వేన్ నట్టు వేశాడు. నేను నట్టు వేశాను. కాజ్ జేబులోంచి తీసి వేసింది నట్టే. డబ్బా అడుగున ఠంగుమంది.

"అయ్యబాబోయ్!" అన్నాడు డ్వేన్. "కాజ్ మెత్తబడ్డాడురోయ్! ఇక రేపు గడ్డకట్టిన సరస్సు కూడా కరిగిపోతుంది."

రూబెన్ గోడ మీది పలక మీద సుద్దముక్కతో లోనీ పేరు రాశాడు. పదేళ్ళు ఎదురుచూసిన క్షణం అది. నాకు సంతోషం కలగలేదు. బంతిని గోడ దాటించి, మైదానం మూలల్లోని బేసులు చుట్టి వచ్చేటప్పుడు లోనీకి లోపల ఎలా ఉండేదో మాత్రం తెలిసింది.

బయటికొచ్చేసరికి కాజ్ తన ట్రక్కు అద్దం మీద మంచు గీకుతున్నాడు. అతన్ని తప్పించుకుని పోదామనుకున్నాను.

"ఆగరా," అన్నాడు. "ఆ రోజు వరుసలో ఆవిడ వెనక నిలబడింది ఎవరనుకున్నావు?"

నేను చేతులు కోటు జేబుల్లో కుక్కుకున్నాను.

"నేనే. నేనూ చూడలేదు ఆ దిక్కుమాలిన హోమ్ రన్. జనం అరుపులు విని ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. 'మా ఆయనకి చెప్పకు కాజ్,' అంది. చెప్పలేదు."

"మరి పుస్తకం పట్రమ్మని ఎందుకన్నావు?"

"ఖాళీ గడి తెస్తావని. ఆవిడ చూడందే రాయదని నాకు తెలియదా? తెచ్చి ముందు పెడితే, ఇక లోనీ గొడవ వదిలేసి, ఆవిడ గురించి మాట్లాడతావనుకున్నా. మూడేళ్ళయింది ఎమ్మెట్. ఆ బంతి గురించి తప్ప, ఆవిడ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు నువ్వు." మంచు గీకడం ఆపాడు. "నట్టు వారం ముందే జేబులో వేసుకున్నా. ఖాళీ గడి తెచ్చినా అదే వేసేవాణ్ణి."

చలికి నా కళ్ళు మండాయి. చలికే అనుకోండి.

"పక్కన ఏమైనా రాసిందా?" అన్నాడు. "అంచుల్లో ఏవో రాస్తూ ఉండేది కదా."

"రాసింది."

"ఏదీ, చూపించు."

"చెరిపేశాను కాజ్."

నా వంక చూశాడు. తిట్టు వస్తుందేమోనని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. ట్రక్కు ఎక్కి, తలుపేసుకుని, వెళ్ళిపోయాడు. తర్వాతి గురువారం మంచు తుఫానుకి కొట్టు తెరవలేదు. ఆ పై గురువారం కాజ్ రాలేదు. అతని కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. రూబెన్ దాని మీద ఏమీ పెట్టలేదు.

ఇంట్లో ఆ పేజీని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూస్తుంటాను. గట్టిగా రాసినవాళ్ళ అక్షరాలు చెరిపినా కాగితంలో గాడి మిగులుతుంది. నోరీన్ చెయ్యి తేలిక. వేలితో తడిమినా ఏమీ తగలదు. లోనీ గడి మాత్రం నల్లగా కనిపిస్తూ ఉంటుంది.

మాటలు కంఠతా వచ్చు కదా అనుకున్నాను. రోజూ పొద్దున కాఫీ తాగుతూ పైకే చెప్పుకునేవాణ్ణి. నిన్న చెప్పుకుంటుంటే మధ్యలో ఆగిపోయాను. "ఎమ్మెట్ నెల రోజులకి నవ్వాడు" అని రాసిందా, "నెల రోజులకి ఇవాళ నవ్వాడు" అని రాసిందా? ఎంత తంటాలు పడ్డా తేలలేదు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా మాట నమ్మడానికి నాకే ధైర్యం చాలడం లేదు.