ఓడ నాణెం అలక

పొద్దున్నే నాణేల ఆఫీసు తలుపు తీయగానే చీటీలమ్మ చేసే మొదటి పని అలిగిన నాణేలను ఏరడం. సంచీ మేకుకు తగిలించి, చేతులు కడుక్కుని, గోడ పొడవునా ఉన్న అరల ముందు నిలబడుతుంది. ముందురోజు సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టెలు అక్కడ వరసగా ఉంటాయి. ఒక్కో పెట్టెలో మెత్తటి రబ్బరు రింగు మధ్య ఒక నాణెం, దాని పైన ఒక చీటీ. ఏ సంవత్సరంది, ఏ లోహం, ఎంత అరిగింది, ఎవరిచ్చింది అన్నీ ఆ చీటీలో ఉంటాయి. రాసింది నిజమైతే నాణెం బొమ్మ చూపిస్తూ ఉంటుంది. తప్పైతే తెల్లారేసరికి వీపు తిప్పేసుకుంటుంది.

అలాంటివాటిని పక్కకు తీసి, పెట్టె కోసి, చీటీ మార్చి మళ్ళీ సీలు వేస్తారు. అందుకని కిటికీ పక్కన విడిగా ఒక బల్ల కూడా వేశారు.

ఎక్కువ తప్పులు ఒకేలా జరుగుతాయి. ట్రేలో ఒక నాణెం కంటపడకుండా పోతే దాని చీటీ పక్కదానికి, పక్కదానిది ఆ పక్కదానికి పోతుంది. మర్నాడు అక్కణ్ణుంచి వరసంతా వీపులే. "ఇవాళ ట్రే మొత్తం అలకపాన్పు ఎక్కింది," అంటాడు భూతద్దం బాబాయి. నాణేల నాణ్యత తేల్చే పెద్దాయన ఆయన. కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే టీ తాగుతాడని అందరూ ఆటపట్టిస్తారు. ఒకసారి ఒకాయన ఎక్కడో కొన్న నాణేలు తెచ్చి, 'తాతగారి సేకరణ' అని చీటీ వేయించాడు. మర్నాడు ఒక్కటీ ఆయన మొహం చూడలేదు. "పోయినా మా తాత నా మాట విన్లేదండీ," అని నవ్వేసి, ఆ ముక్క తీయించుకుని పట్టుకెళ్ళాడు.

చీటీలమ్మ చేతిలో తప్పులు జరగవు. ప్రతి అక్షరం మళ్ళీ మళ్ళీ చూసుకుంటుంది. ఇంట్లోనూ అంతే. తాళం వేసి మెట్లు దిగాక మళ్ళీ ఎక్కి లాగి చూస్తుంది. పిల్లల నీళ్ళ సీసాల మూతలు తిప్పి చూస్తుంది. "అమ్మ మనకి కూడా సీలు వేసేస్తుందేమోరా," అంటుంది పెద్దది తమ్ముడితో.

అలాంటి మనిషి ఇంట్లో ఒక తప్పు చీటీ ఏళ్ళుగా అలాగే ఉంది. పెద్దది ఆమె కన్న పిల్ల కాదు, అక్క కూతురు. తండ్రి పిల్ల పుట్టకముందే పోయాడు. ఆసుపత్రి మంచం మీద అక్క పొత్తిళ్ళలోని పిల్లను చెల్లెలి ఒళ్ళో పెట్టి, పాలవాడిచ్చిన చిల్లరలో వచ్చిన పరాయి దేశపు నాణెం ఒకటి కూడా చేతికిచ్చింది. దాని మీద తెరచాప ఓడ. "ఇది ఎక్కడా చెల్లదే. అందుకే ఎవరూ ఖర్చు పెట్టరు. ఈ పిల్లకే ఉండిపోతుంది," అంది. ఆ వారంలోనే పోయింది. ఎవరో ఒకరు నోరు జారతారన్న భయంతో చీటీలమ్మ భర్తను బతిమాలి, తమనెవరూ ఎరగని ఈ ఊరికి కాపురం మార్చింది. చెప్పేద్దామని ఆయన అన్నప్పుడల్లా, "కాస్త పెద్దదవనీయండి," అనేది. పిల్ల ఆమె భుజం దాటి ఎదిగింది.

ఏడాదికోసారి ఆ ఆఫీసులో పనిచేసేవాళ్ళు తమ సొంతానికి ఒక నాణెం సీలు వేయించుకోవచ్చు. ఈసారి పెద్దది ఓడ నాణెం తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. చీటీ మీద ఏం రాయాలో కూడా, ఇచ్చినవాళ్ళ పేరుతో సహా, తనే చెప్పింది. 'నేను పుట్టినప్పుడు చీటీలమ్మ కొని ఇచ్చినది.'

చిన్నప్పటి నుంచీ దానికి చెప్పిన మాటే అది.

"సంవత్సరం, లోహం వేస్తే చాలదుటే?" అంది చీటీలమ్మ.

"అవి అందరి నాణేలకీ ఉంటాయి కదమ్మా. ఇది నాదని ఎలా తెలుస్తుంది?"

చీటీలమ్మ ఆ మాటే టైపు చేసింది. తర్వాత, ఇన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని ఒకటి చేసింది. ఆ నాణేనికి సరిపడే రింగు పక్కన పెట్టి, అంతకన్నా చిన్నది తీసి, బొటనవేలు ఎర్రబడేదాకా నొక్కి బిగించింది. ఇక కదిలే చోటు లేదు. భూతద్దం బాబాయి అటుగా వెళ్తూ ఆగి, పెట్టె వైపు చూసి వెళ్ళిపోయాడు.

తెల్లారినా నాణెం తిరగలేదు. పెట్టె ఇంటికొచ్చి పెద్దదాని పుస్తకాల బల్ల ఎక్కింది.

మర్నాడు పొద్దున పెట్టె బోర్లా పడుంది. తమ్ముడు ముట్టుకున్నాడని పెద్దది వాడి చెవి మెలిపెట్టింది. "నేను ముట్టుకోలేదే, ఒట్టు," అని వాడు ఏడిచాడు. నిలబెట్టింది. బడినుంచి వచ్చేసరికి మళ్ళీ బోర్లా. మళ్ళీ నిలబెట్టి, మంచం మీద కూచుని అటే చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి పెట్టె నిదానంగా, నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు, ఒరిగి బోర్లపడింది.

పెట్టె పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. చీటీలమ్మ పాలు కాస్తోంది.

"అమ్మా, రింగు బిగుతుగా వేశావా?"

చీటీలమ్మ పొయ్యి కట్టేసింది.

"లోపల తిరగలేక మొత్తంగా తిరుగుతోంది. తప్పేముంది దీన్లో?"

"కొన్నది నేను కాదు," అంది చీటీలమ్మ. "మా అక్క ఇచ్చింది. నిన్ను కన్నది మా అక్క."

తర్వాత ఆసుపత్రి గురించి, పాలవాడి చిల్లర గురించి, అక్క అన్న మాట గురించి ఒక్కటీ వదలకుండా చెప్పింది. పెద్దది నిలబడే వింది. అంతా అయ్యాక, "బిగించడమెందుకు? తిరగనిస్తే సరిపోయేదిగా," అని గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో అమ్మా అన్న పిలుపు చిన్నవాడి నోటే వినపడింది. పెద్దది అన్నం పెడితే తింటుంది, అడిగితే చెబుతుంది. పిలవాల్సి వస్తే దగ్గరికొచ్చి నిలబడుతుంది. "కొన్నాళ్ళు అలా వదిలెయ్యి," అన్నాడు భర్త. చీటీలమ్మ తాళం లాగి చూడటం మానేసింది. ఆఫీసులో వరసంతా తప్పు చీటీలు వేసి, మర్నాడు ఆ వీపుల ముందు ఊరికే నిలబడింది. భూతద్దం బాబాయి పక్కకొచ్చి, "చిన్న రింగు వేసిన రోజే అడగాల్సింది తల్లీ. నా నోరే పెగల్లేదు," అని, ఆ ట్రే తనే తీసుకెళ్ళి పెట్టెలు కోయడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం, బడి లేని రోజు, పెద్దది ఆఫీసుకు వచ్చింది. కిటికీ పక్క బల్ల మీద పెట్టె పెట్టింది.

"కొయ్యి."

చీటీలమ్మ కోసింది. పాత చీటీ తీసింది. "ఇప్పుడేం రాయను?"

"ఒక అమ్మ ఇచ్చింది, ఒక అమ్మ దాచింది. అలా రాయి."

చీటీలమ్మ వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి. మొదటి మాటకు భయం లేదు. రెండోదానికి నాణెం తల తిప్పుకుంటే? తిప్పుకున్నాక ఇక ఎవరేం చెప్పినా ఎవరు నమ్ముతారు? తనైనా నమ్ముతుందా?

"దాచింది పిన్ని అని వెయ్యనా? అదైతే తప్పు కాదు," అంది మెల్లగా.

"నువ్వు వెయ్యి. తప్పో కాదో అది చెబుతుంది." పెద్దది రింగుల డబ్బా తల్లి ముందుకు జరిపింది. "ఈసారి వదులుది వెయ్యి."

చీటీలమ్మ డబ్బాలో వెతికి, నాణెం కన్నా ఒక సైజు పెద్ద రింగు తీసింది. అందులో ఓడ నాణెం అటూ ఇటూ ఆడుతోంది. సీలు వేసి, గోడ పక్కన అరలో అన్నిటితోపాటు పెట్టింది. ఇద్దరూ ఇంటికి నడిచారు.

పొద్దున పెద్దది కూడా వెంట వచ్చింది. తలుపు తీశాక చీటీలమ్మ సంచీ తగిలించింది, చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, మళ్ళీ కడుక్కుంది. అర దగ్గరికి పోలేదు.

"నేను చూడనా?" అంది పెద్దది.

వెళ్ళింది. వరస వెంట నడిచి ఒకచోట ఆగింది. పిల్ల వీపు తప్ప చీటీలమ్మకు ఏమీ కనపడటం లేదు. పెట్టె చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపింది. వదులు రింగులో నాణెం గలగలమంది. తలకిందులు చేసి ఊపింది, పక్కకు వంచి ఊపింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, పెట్టెను తల్లి వైపుకు పట్టుకుంది.

ఓడ ఇటే చూస్తోంది.

"అమ్మా," అంది పెద్దది, "నీ చేతులు తడిగా ఉన్నాయి. తుడుచుకుని పట్టుకో."