నూనెకు తడిసిన క్లచ్ ప్లేటు

బండి చప్పుడు వింటే చాలు, రోగం చెప్పేస్తాడని కలాసిపాళ్యంలో లారీ మెకానిక్కు సొన్నప్పకు పేరు. ఆ పేరు అతనికి బాగా తలకెక్కింది కూడా.

1979 ఎండాకాలంలో ఒకరోజు పొద్దున ఆవులప్ప తను నడిపే లారీని సొన్నప్ప షెడ్డు ముందర ఆపి దిగాడు. అత్తిబెలె మనిషి. పదకొండేళ్లుగా పెద్దమునియప్ప దగ్గర డ్రైవరు.

“మిట్ట ఎక్కుడులో బండి లాగేదే లేదు సొన్నప్పన్నా. యాక్సిలేటరు ఎంత తొక్కినా ఇంజను అరుస్తా ఉండాది గానీ బండి ముందుకు పోదు. గేరుబాక్సులో ఏమన్నా ఉండాదేమో చూడు.”

సొన్నప్ప నడిపి చూశాడు. మాడువాసన వచ్చింది. గేరుబాక్సు దించి, కాలిపోయిన క్లచ్ ప్లేటు బయటికి తీశాడు. అప్పటికి ఓనరు పెద్దమునియప్ప కూడా వచ్చాడు. చుట్టూ నలుగురైదుగురు డ్రైవర్లు చేరారు.

“బాక్సుకు ఏమీ కాలేదప్పా. నీ కాలే దానికి రోగం. క్లచ్ మీద నుంచి కాలు తీయకుండా నడిపినావు,” అన్నాడు సొన్నప్ప.

“నా బిడ్డలమీద ఆన, నేనట్లా నడిపేవాణ్ని కాదన్నా.”

“మరి ప్లేటు అబద్ధం చెప్తాదా?”

డ్రైవర్లు నవ్వారు. పెద్దమునియప్ప నవ్వలేదు. మర్నాడే ఆవులప్ప దగ్గర తాళాలు తీసేసుకున్నాడు.

నాలుగు నెలలకు అదే లారీ, వేరే డ్రైవరుతో, అదే జబ్బుతో తిరిగొచ్చింది. సొన్నప్ప ఈసారి టార్చి వేసి నిదానంగా వెతికాడు. గేరుబాక్సు ముందువైపు, నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీలు చీలి ఉంది. అందులోంచి నూనె కారి ప్లేటును తడుపుతోంది. తడిసిన ప్లేటుకు పట్టెక్కడిది? జారి జారి మాడిపోతుంది. మొదటిసారీ ప్లేటుకు జిడ్డు ఉండింది. బాక్సు దించేటప్పుడు ఒలికిందనుకుని, తనే గుడ్డతో తుడిచేసి, అందరికీ ఎత్తి చూపించాడు.

ఆ ఆదివారం బస్సెక్కి అత్తిబెలెకు పోయాడు. ఆవులప్ప బట్టీలో ఇటుకలు మోస్తున్నాడు. అరచేతులకు గుడ్డపేలికలు చుట్టుకున్నాడు. పక్కనే అతని భార్య కదిరమ్మ ఇటుకలు అందిస్తోంది.

“తప్పు నాదప్పా. సీలు పోయుండాది. నేను సరిగ్గా చూడలే,” అన్నాడు సొన్నప్ప.

ఆవులప్ప మోస్తున్న ఇటుకలు దించలేదు. “నాకు తెలిసిందేనన్నా. నా కాలు సంగతి నాకు తెలీదా? ఆపొద్దు నలుగురి ముందర అన్నావే, ఆ నలుగురికీ చెప్పు.”

సోమవారం లారీస్టాండులో నిలబడి సొన్నప్ప చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దమునియప్ప మాత్రం, “ఇప్పుడేం చేసేది? కొత్తవాడు బాగానే నడుపుతా ఉండాడు,” అని బీడీ వెలిగించుకున్నాడు.

రెండేళ్ల తర్వాత ఇంకో ఓనరు ఆవులప్పకు బండి ఇచ్చాడు. ఆ లారీ వారానికి రెండుసార్లు సొన్నప్ప షెడ్డు మీదుగానే పోయేది. చెడిపోయిన రోజున మాత్రం నెమ్మదిగా ఈడ్చుకుంటూ, నాలుగు షెడ్లు దాటి అవతల ఆగేది.