దూదిలో మునిగిన కుందేలు

నేను ఒక ఫిల్ము చుట్టను. చుట్ట అనగానే తాతలు నోట్లో పెట్టుకునేది గుర్తొస్తే అది నా తప్పు కాదు. దానికీ నాకూ ఒక్కటే పోలిక, నిప్పు తగిలితే ఇద్దరమూ కాలిపోతాం, నేను మరీ వేగంగా. నా ఆట ఎంతసేపంటారా? పొయ్యి మీద ఎసరు మరిగేలోపు అయిపోతాను.

పుట్టింది చలిదేశంలో. గదినిండా మనుషులు బల్లల మీద వంగి, ఒక్కో కదలికకూ ఒక్కో బొమ్మ గీసి నన్ను తయారుచేశారు. కథంటూ పెద్దగా లేదు. మంచు కురుస్తుంది. ఎలుగుబంటి జారిపడుతుంది. బాతులు గడ్డకట్టిన చెరువు మీద వరసగా తిరుగుతాయి. ఒక కుందేలుపిల్ల గట్టు మీంచి మంచుకుప్పలోకి దూకి చెవులతో సహా మునిగిపోతుంది. పాట ఆగిపోతుంది, అందరూ వెతుకుతారు. అంతలో పిల్ల మరోచోట, తల మీద మంచు టోపీతో పైకి లేస్తుంది. బాకాలు మోగుతాయి, తల్లి కుందేలుతో సహా అందరూ పాడుతూ చిందులేస్తారు. ఆ చోటు చూసుకుని నన్ను గీసినవాళ్లు మురిసిపోయారు. నాకూ పొగరు బాగానే ఉండేది.

ఓడ దిగాక ఆ పొగరు దిగిపోయింది. మద్రాసులో ఒక పెద్ద సినిమాతో పాటు నన్ను కొసరుగా ఇచ్చేశారు, వంకాయలు కొన్నవాడికి కరివేపాకు ఇచ్చినట్టు. అలా ఆదోని శివార్లలో విరూపాక్షప్ప నడిపే డేరా సినిమాకు చేరాను. అసలు సినిమాకు ముందు, జనం ఇంకా చోటు కోసం తోసుకుంటుండగా నన్ను వేసేవారు.

విరూపాక్షప్ప రేకు గొట్టం నోటికి పెట్టుకుని బొమ్మల సంగతి జనానికి విడమరిచి చెప్పేవాడు. పరదేశంలో మంచు కురుస్తోంది చూడండి అన్నాడు. ఆదోనిలో మంచంటే తెల్లవారుజామున జొన్నచేల మీద ఉండే తడి. పైగా నేల మీద కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది పత్తి నుంచి గింజలు తీసే మిల్లుల్లో పనిచేసేవాళ్లు. జుట్టులో, కనురెప్పల మీద నూగు దులుపుకోకుండానే వచ్చినవాళ్లు. తెల్లగా, తేలిగ్గా గాలిలో ఎగిరేది వాళ్లకు ఒకటే తెలుసు. అది దూదేనని తేల్చేశారు. ఆ రోజు నుంచి నా పేరు దూది బొమ్మ. నాకెంత నామోషీ అనిపించిందో చెప్పలేను. అసలు సిగ్గు ఇంకా ముందుందని అప్పుడు తెలియదు.

ఆ ఆటలోనే కుందేలుపిల్ల మునిగింది. ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె లేచి నిలబడింది. ఆమె నీడ తెర మీద పడింది.

"తీయండి నాయనా. దానికి ఊపిరాడదు. బయటికి తీయండి."

డేరా అంతా గొల్లున నవ్వింది. బొమ్మను చూసి నిజమనుకున్న పిచ్చిదనుకున్నారు. నవ్వించడమే పనిగా పుట్టినదాన్ని కనుక నేనూ తిరుగుతూనే ఉన్నాను. పిల్ల పైకి లేచింది. ఆమె కూర్చుంది.

ఆమె పేరు ఉరుకుందమ్మ. కిందటేడు ఆమె కూతురు సుంకి మిల్లు గోదాములో ఆడుకుంటూ దూదికుప్పలోకి దూకింది. తవ్వి తీసేసరికి ప్రాణం లేదు. పక్కనున్నవాళ్లు ఈ సంగతి చెప్పాక నవ్వినవాళ్లు తలలు వంచుకున్నారు. ఆ ముక్క కోసి పారేయమని విరూపాక్షప్ప ఆపరేటరు మౌలాలికి చెప్పాడు. కానీ మర్నాడు ఉరుకుందమ్మే మిషను గది దగ్గరికి వచ్చింది. అది బయటికొచ్చేది మళ్లీ చూపిస్తావా అన్నా, అని అడిగింది. మౌలాలి కత్తెర పక్కన పెట్టాడు.

అప్పటి నుంచి పని దిగగానే వచ్చేది. పిల్ల పైకి లేచేవరకూ ఊపిరి బిగబట్టి చూసి, అసలు సినిమా మొదలవకముందే వెళ్లిపోయేది. ఒక్కసారీ నవ్వలేదు. నన్ను అంత నమ్మిన మనిషి మరొకరు లేరు.

కానీ నా వయసు నన్ను ఊరుకోనివ్వలేదు. మిషను పళ్లకు తగులుకునే నా అంచుల చిల్లులు చిరిగేవి. చిరిగినచోట కోసి, జిగురు పెట్టి అతికించడం మౌలాలి పని. అతికిన ప్రతిసారీ కొంచెం పొట్టినయ్యేదాన్ని. ఒక సాయంత్రం, సరిగ్గా పిల్ల పైకి లేచేచోట మిషనులో ఇరుక్కుని ఆగిపోయాను. దీపం వేడికి అంటుకున్నాను. మౌలాలి చేతులు కాలుతున్నా నన్ను అటూ ఇటూ తెంపి డేరాను కాపాడాడు. కాలిన ముక్క ఇసుక బకెట్లో పడింది.

మిగిలిన రెండు కొసలూ అతికించాడు. ఇప్పుడు పిల్ల మునుగుతుంది, వెంటనే అందరూ చిందులేస్తారు. ఎవరూ పట్టించుకోరులే, వెయ్యమన్నాడు విరూపాక్షప్ప. నిజమే, జనం ఎప్పటిలాగే నవ్వారు. ఉరుకుందమ్మ మాత్రం చిందులేస్తున్నవాళ్ల మధ్య చివరిదాకా వెతికింది. ఆమె కళ్లు అలా వెతుకుతుంటే నేను పాడుతూనే ఉండాల్సి వచ్చింది. ఆగిపోవడం చేతకానందుకు సిగ్గుతో కుంచించుకుపోయాను.

ఆట అయ్యాక ఆమె మిషను గది దగ్గరికి వచ్చింది.

"ఈ పొద్దు రాలేదన్నా."

కాలిపోయిందని మౌలాలి కట్టు కట్టిన చేతులు చూపించాడు. ఆమె ఖాళీ తెర వైపు తిరిగింది.

"పిల్ల రాకుండానే వాళ్లమ్మ ఎగురుతా ఉండాది."

"దానికి తెలీదు లేమ్మా" అన్నాడు మౌలాలి.

"నాకూ తెలీలేదన్నా. ఆ పొద్దు మిల్లులో మిషను కాడ పాట పాడుకుంటా ఉంటిని."

ఆ తర్వాత ఆమె డేరాకు రాలేదు.

ఇప్పుడు నేను నగరంలో ఒక పాత సినిమాల భాండాగారంలో, చల్లటి గదిలో రేకు డబ్బాలో ఉన్నాను. పుట్టినచోటి చలి ఇన్నాళ్లకు మళ్లీ దొరికింది. అప్పుడప్పుడు పెద్దవాళ్లు వచ్చి, నన్ను జాగ్రత్తగా బల్ల మీద విప్పి చూస్తారు. మధ్యలో ఒక చిన్న ముక్క పోయిందనీ, కథకు నష్టమేమీ లేదనీ చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకుందామనుకుంటాను. తల ఎక్కడిది నాకు? చుట్టచుట్టుకుని డబ్బాలో పడుకుంటాను. లోపల ఎక్కడో ఆ తల్లి కుందేలు ఇంకా పాడుతూనే ఉంటుంది.